తిప్పి పెట్టిన కడ్డీ

కాలేజీలో మీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, విరగ్గొట్టడం అని చెప్పేవాణ్ణి. అందులో అబద్ధం ఏమీ లేదు. నేను టెస్టింగ్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఇనుప కడ్డీ అయినా, ఇత్తడి ముక్క అయినా తెచ్చిస్తే మెషిన్‌లో రెండు కొసలూ బిగించి, విరిగేదాకా లాగి, ఎంత లాగితే విరిగిందో రాసి సంతకం పెట్టడమే నా పని. ఇంట్లో గాజు గ్లాసు చెయ్యి జారితే మా ఆవిడ, "ల్యాబ్‌లో విరగ్గొట్టింది చాల్లేదా?" అనేది. సర్వీసంతా ఆ మాట పడుతూనే ఉన్నాను.

ఈమధ్యే రిటైరయ్యాను. ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఒకరిద్దరు ఇంటికొచ్చి, మీరు చూసినవాటిలో పెద్ద సంగతి ఏదైనా చెప్పమన్నారు. ఉంది ఒకటి. అయితే ముందే చెబుతున్నాను, అందులో నా గొప్పతనం రవ్వంత కూడా లేదు. మెషిన్ పక్కన నిలబడి చూశాను, అంతే. అయినా ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి.

మా కాలేజీ మార్కాపురానికి కాస్త ఎడంగా, కందిచేల మధ్య ఉంటుంది. బయట నుంచి చూస్తే కల్యాణమండపం అనుకుంటారు. అలాంటి చోట పరిశోధన ఏమిటని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. కొనకనమిట్ల వైపు పల్లె నుంచి ఒక అమ్మాయి పీహెచ్‌డీ చెయ్యడానికి వచ్చింది. తండ్రి లేడు. తల్లి మిరపకోతలకూ పొగాకు పనికీ కూలికి పోతుంది. వాళ్ల చర్చి పాస్టరుగారు దగ్గరుండి చదివించిన పిల్ల. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. నన్ను చిన్నాయనా అనేది. నేను విసుక్కుంటే పట్టించుకునేది కాదు, దాంతో విసుక్కోవడంలో నాకే సరదా పోయింది.

ఆ అమ్మాయి చేస్తున్నది అల్యూమినియం మీద. మొదటిరోజు వచ్చి, నా మెషిన్ చుట్టూ అమర్చే కొలిమి కావాలని అడిగింది.

"వేడిచేసి లాగితే ఏం లాభం? ఇంకా తొందరగా తెగుద్ది" అన్నాను.

"తెగకుండా సాగేది చేయాలనే చిన్నాయనా. లోహం లోపలంతా గింజలే. మన కంటికి కనపడవు. ఆ గింజలు లావుగా ఉంటే, లాగినప్పుడు యాడనో ఒకచోట సన్నబడి తెగిపోద్ది. వాటిని బాగా నలగ్గొట్టి, ఇంకా ఇంకా సన్నం చేసినామనుకో, సరైన వేడిలో నిదానంగా లాగితే గింజ మీద గింజ జారి పక్కకు జరుగుద్ది. తెగదు. సాగుతానే ఉంటాది."

"ఎంత సాగుద్ది?"

"వేలెడు ముక్క మూరెడు సాగిందని చదివినా."

"మా ఇంట్లో అన్నం గిన్నెకు చెప్పమ్మా ఈ మాట. అది సొట్టలు పోవడమే గాని సాగింది ఎన్నడూ లేదు."

నవ్వింది గాని వెళ్లలేదు. కొలిమి అమర్చి ఇచ్చాక గాని కదల్లేదు.

గింజల్ని నలగ్గొట్టే పద్ధతి మాత్రం నాకు మొదట్లోనే నచ్చింది. గట్టి ఉక్కు దిమ్మె ఒకటి, దాని లోపల మోచెయ్యిలా వంగిన రంధ్రం. పైనుంచి కడ్డీని పెట్టి హైడ్రాలిక్ ప్రెస్‌తో నెడితే, ఆ వంపు దగ్గర నలిగి, పక్కనుంచి బయటికి వస్తుంది. చిత్రమేమిటంటే పోయిన కడ్డీ ఎంత లావో వచ్చిన కడ్డీ కూడా అంతే లావు. పైకి ఏ మార్పూ లేదు, లోపల మాత్రం చపాతీ పిండి పిసికినట్టు అంతా పిసికి ఉంటుంది. పైకి అలాగే ఉంది కాబట్టి మళ్లీ పెట్టి నెట్టవచ్చు, ఆ తర్వాత మళ్లీ. ప్రతిసారీ కడ్డీని పావు వంతు తిప్పి పెట్టాలి. అప్పుడే నలుగుడు అన్ని వైపుల నుంచీ పడి, గింజలు గుండ్రంగా, సన్నగా వస్తాయి. ఈ ఒక్క ముక్క మీరు గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా సైన్సు నాకూ అంతంతమాత్రమే.

ప్రెస్ నడిపేది మా పెద్దాయన. అందరికీ ఆయన పెద్దాయనే. ఆ అమ్మాయికి పెదనాయన, నాకు అన్న. ఆయన పుట్టి పెరిగింది పలకల ఫ్యాక్టరీలో. మార్కాపురం పలక అంటే ఒకప్పుడు ఊరూరికీ పోయేది కదా, ఆ పలకకు రాయిని పొరలుగా విడదీసిన చెయ్యి ఆయనది. పలకల పని తగ్గిపోయాక కాలేజీలో చేరాడు. రాతి పని మనిషికి ప్రెస్ అప్పగించారేమిటని నేను కొన్నాళ్లు లోపల్లోపల సణుక్కున్నాను. తర్వాత ఆయన పని చూసి నోరు మూసుకున్నాను. ఆ ప్రెస్‌కు తిక్క ఎక్కువ, నూనె వేడెక్కితే ఒకలా, చల్లగా ఉంటే ఒకలా ప్రవర్తిస్తుంది. ఆయన దాని మీద చెయ్యి పెట్టి చూసి ఎంత మెల్లగా నెట్టాలో తేల్చేవాడు.

మొదట్లో రెండు కడ్డీలు నెడుతుండగానే పగిలాయి. పెద్దాయన ముఖం చిన్నబోయింది. ఆ అమ్మాయికి గైడుగా ఉన్న ప్రొఫెసరుగారిది గుంటూరు వైపు. మెత్తని మనిషి. ఆయన వచ్చి చూసి, "ఈ దిమ్మెను కూడా కాస్త వేడిగా ఉంచితే పగలదండీ" అని, దానికి హీటరు చుట్టించారు. ఆ తర్వాత కడ్డీలు పగల్లేదు. అందరం సంతోషించాం. పెద్దాయన అయితే స్వీట్లు తెచ్చి పంచాడు.

కానీ కడ్డీలు సాగలేదు.

నెట్టిన కడ్డీ నుంచి చిన్న చిన్న బిళ్లలు కోసి, నడుము సన్నగా చేసి, కొలిమిలో పెట్టి నేను లాగేవాణ్ణి. మామూలు అల్యూమినియం కంటే కాస్త ఎక్కువే సాగేది. అంతలో ఒకచోట నడుము ఇంకా సన్నబడేది, టక్కున తెగేది. ఆ అమ్మాయి వేడి మార్చింది, వేగం మార్చింది. వేసవి పోయింది, వానలు పోయాయి, ఆ అమ్మాయి మొహంలో కళ పోయింది. తెగిన ముక్కలు రెండూ నా చేతిలోంచి తీసుకుని, అంచులు కలిపి చూసుకుని, డబ్బాలో వేసుకునేది. ఆ డబ్బా చప్పుడు వినలేక నేను టీ తాగే వంకతో బయటికి వెళ్లిపోయేవాణ్ణి.

ఆ కడ్డీలు బజార్లో దొరికేవి కావు. మెగ్నీషియంతో పాటు స్కాండియం అనే అరుదైన లోహం రవ్వంత కలిపి పోసినవి. ఆ రవ్వంత ఉంటేనే సన్నబడిన గింజలు వేడికి మళ్లీ లావెక్కకుండా ఉంటాయట. ప్రొఫెసరుగారు తన పాత స్నేహితుణ్ణి బతిమాలి కొన్ని తెప్పించారు. చివరికి ఒక్కటే మిగిలింది. ఫెలోషిప్ గడువు కూడా దగ్గరపడింది. ఒకరోజు ఆయన ల్యాబ్‌లోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఈ కడ్డీ కూడా పోతే ఇక ఆపేద్దామమ్మా. ఇంకో టాపిక్ తీసుకుని మొదటినుంచి చేద్దాం."

"మొదటినుంచి చేయడానికి నాకాడ ఏముంది సార్?" అంది ఆ అమ్మాయి.

మా అందరికీ తెలుసు, మొదటినుంచి అంటే ఇంటికి పోవడమే. అప్పటికే పాస్టరుగారు కనిగిరిలో ఒక స్కూల్లో టీచరు ఉద్యోగం మాట్లాడి పెట్టారు. మంచి స్కూలే. వస్తుందో రాదో ఆ నెలాఖరులోగా చెప్పాలి. తల్లి ఒత్తిడి చేసే మనిషి కాదు. కానీ ఎన్నాళ్లని ఆవిడ ఎండలో కాయలు కోస్తుంది, అదీ ఆ పిల్ల బాధ. టీచరు ఉద్యోగం తక్కువదని నేననను, మా నాయన కూడా బడిపంతులే. కానీ ఆ పిల్ల మనసు ఎక్కడుందో మాకు తెలుసు.

హైదరాబాదులో పెద్ద ల్యాబ్‌కు పంపిన నమూనాల ఫొటోలు అదే వారంలో వచ్చాయి. మా మైక్రోస్కోపుకు అందనంత సన్నటి గింజల్ని కూడా అక్కడి యంత్రం ఫొటో తీస్తుంది. టీ వేళకు ఆ అమ్మాయి ప్రింట్లు తెచ్చి బల్ల మీద పరిచింది. బూడిదరంగు చారలు, ఒకదాని మీద ఒకటి, పొడుగ్గా.

"ఇట్ల రాకూడదు. గుండ్రంగా రావాలి" అంది, నుదురు పట్టుకుని.

పెద్దాయన టీ గ్లాసు పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. చూస్తుంటే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఏంది తల్లా, అట్ల అంటావు. పొర ఎంత చక్కగా కూర్చుందో చూడు. అచ్చం మన పలక రాయే. యాడా చెదరలేదు."

"పలక రాయా?"

"కాదూ మరి. నేను కడ్డీ మొగం తిప్పలేదు కదా, అందుకే పొర నిలిచింది."

ఆ అమ్మాయి మెల్లగా తల ఎత్తింది.

"పెదనాయనా, కడ్డీని తిప్పి పెట్టమని చెప్పినా కదా."

"చెప్పినావు. తిప్పి పెట్టినాక రెండు పగల్లేదా? మాకు రాయికైనా అంతే. ఏ మొగాన పొర ఉండాదో గుర్తు గీసుకుని, మళ్లీ ఆ మొగమే పైకి పెట్టుకోవాల. మొగం మారితే రాయి ముక్కలయితాది. అందుకని దీనికీ గీత గీసినా. ప్రతిసారి ఆ గీత పైకే పెట్టినా. అప్పట్నుంచి ఒక్కటన్నా పగిలిందా చెప్పు?"

ఆయన గొంతులో గర్వం ఉంది, ఆ పిల్ల మీద ప్రేమ ఉంది. ఆ పిల్ల కడ్డీలు పగలకుండా కాపాడానని ఆయన నిజంగా నమ్మాడు. పగలకుండా కాపాడింది హీటరు. హీటరు చుట్టిందీ, ఆయన గీత గీసిందీ ఒకే రోజు. ఏది దేనివల్ల జరిగిందో ఎవరికి తెలుస్తుంది? ఆయన స్థానంలో నేనున్నా గీతకే దండం పెట్టేవాణ్ణి. పిల్లలూ, ల్యాబ్‌లో ఒకేసారి రెండు మార్పులు చెయ్యకండి అని పుస్తకాల్లో ఊరికే రాయరు.

ఆ అమ్మాయి లేచి బయటికి వెళ్లిపోయింది. ప్రొఫెసరుగారు పెద్దాయనకు నిదానంగా విషయం చెప్పారు. ఒకే ముఖంగా నెడితే గింజలు పొరలుగా పడుకుంటాయి, జారవు, అందుకే సాగలేదు అని. వింటున్నకొద్దీ పెద్దాయన కుర్చీలో కిందికి జారిపోయాడు. నాకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. మరుక్షణం ఆయన చేతులు చూశాను. అరచేతుల్లో రాతి గీతలు ఇంకా పోలేదు. ఆ చేతులు జీవితమంతా ఒకే పాఠం నేర్చుకున్నాయి, పొరను కాపాడమని. ఇప్పుడు పొరను చెరపమంటే ఎలా చెరుపుతాయి? కోపం ఎటు పోయిందో తెలియలేదు.

ఆ అమ్మాయి మొహం కడుక్కుని తిరిగి వచ్చింది.

"పెదనాయనా, రేపు ఆ కడ్డీ నెట్టాల."

"నా చేత్తో నేను ముట్టను తల్లా. వేరేవాళ్లను పెట్టుకో. నీ బతుకు నాశనం చేసినా."

"ఆ ప్రెస్సు వేరేవాళ్ల మాట వినదు. నువ్వు నెట్టు. నేను తిప్పుతా."

"పగిలితే?"

"పగిలితే ఇద్దరం పగలగొట్టినామని చెప్పుకుందాం."

ఆయన నా వైపు చూశాడు, ఏదైనా అడ్డం చెబుతానని కాబోలు. "పోన్లే అన్నా, తోమి తోమి గ్రీజు పూయడానికి నేనుంటా" అన్నాను. విసుగ్గానే అన్నాను. అలా అనకపోతే ముగ్గురం ఏడ్చేవాళ్లం.

మర్నాడు ప్రెస్ గదిలో ముగ్గురం చేరాం. కడ్డీ బయటికి వచ్చిన ప్రతిసారీ ఆ అమ్మాయి పట్టకారతో పట్టుకుని పావు వంతు తిప్పి పెట్టేది. తిప్పినప్పుడల్లా పెద్దాయన ముఖం పక్కకు పెట్టుకుని, పెదవులు బిగబట్టి, తర్వాత మీట నొక్కేవాడు. ఆయన గీసిన గీత ఒకసారి పైకి, ఒకసారి పక్కకు, ఒకసారి అడుక్కి పోయింది. ప్రతి నెట్టుకూ నా చెవులు పగుళ్ల చప్పుడు కోసం ఎదురుచూశాయి. రాలేదు. చివరి నెట్టు అయ్యాక ఆయన కడ్డీని పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు తడిమి, కిటికీ దగ్గర వెలుతురులో చూసి, "పగల్లేదు" అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

బిళ్లలు కోయించి, నునుపు చేయించి లాగడానికి సిద్ధం చేసేసరికి నెలాఖరు వచ్చింది. సాయంత్రంలోగా స్కూలుకు మాట చెప్పాలి. పాస్టరుగారు ఆ మాట కోసం ఎదురుచూస్తున్నారని తల్లి పొద్దున్నే ఫోన్ చేసింది.

నేను బిళ్లను బిగించాను. వేలి గోరుకంటే కాస్త పొడుగుండే సన్నటి నడుము, దాని మీదే అంతా ఆధారపడి ఉంది. కొలిమికి చిన్న గాజు కిటికీ ఉంది. వేడి కుదిరాక మెషిన్ మొదలుపెట్టాను. ఈ పరీక్షలో లాగడం ఎంత నిదానమంటే, చూస్తే కదులుతున్నట్టే ఉండదు. ప్రొఫెసరుగారు నిలబడ్డారు, పెద్దాయన తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఆ అమ్మాయి కిటికీకి కళ్లు ఆనించి కూర్చుంది.

మామూలుగా తెగే చోటు వచ్చింది. నా చెయ్యి అలవాటుకొద్దీ మీట మీదికి పోయింది. తెగలేదు. దాటింది. ఇంతకుముందు ఆ అమ్మాయి సాధించినవాటన్నింటిలోకీ ఎక్కువ సాగిన చోటు కూడా వచ్చింది, అదీ దాటింది. ఎక్కడైనా నడుము సన్నబడిందేమోనని వంగి చూశాను. ఎక్కడా లేదు. మొత్తం ఒకే తీరుగా, కొస నుంచి కొస దాకా, బెల్లం పాకం తీగ సాగినట్టు సాగుతోంది. ఎర్రబడను కూడా లేదు. కరగలేదు. గట్టి లోహమే, నేను బిగించిన లోహమే, నా కళ్ల ముందు మెల్లగా పొడుగవుతోంది. మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు, ఎవరూ కదల్లేదు. ఎవరో విద్యార్థులు తొంగిచూసి, మా ముఖాలు చూసి వెళ్లిపోయారు.

నాకు దేవుడి మీద పెద్దగా పట్టింపు లేదు. కానీ ఆ కిటికీ ముందు నిలబడి ఉంటే, గుడిలో నిలబడ్డప్పుడు మనుషులకు ఏమవుతుందో తెలిసింది. జీవితమంతా లోహంతో బతికాను, దాన్ని విరగ్గొట్టి దాని సంగతి నాకు తెలుసనుకున్నాను. విరగడానికి ముందు అది ఏం చెయ్యగలదో నాకు ఎన్నడూ తెలియలేదు. లోపల లెక్కలేనన్ని గింజలు ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ జారుతున్నాయి, ఒక్కటీ చెయ్యి వదలడం లేదు. ఇది ఎప్పుడూ ఇలాగే ఉంది, మన ఇళ్లల్లో గిన్నెలుగా, కిటికీ చట్రాలుగా, ఇంత శక్తి లోపల పెట్టుకుని గమ్మున కూర్చుని ఉంది. నాకు భయం వేసింది. ఆనందం కూడా కలిగింది. రెండూ ఒకటే అనిపించింది.

"తమ్ముడా, ఏమైంది? తెగిందా?" పెద్దాయన తలుపు దగ్గర నుంచే అడిగాడు.

"వచ్చి చూడన్నా."

ఆయన వచ్చాడు. కిటికీలోంచి చూసి, కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశాడు. "అబ్బ" అన్నాడు, ఊపిరితో.

ఇంకాసేపటికి మెషిన్ తనంతట తాను ఆగిపోయింది. ఏం పాడైందో అని పరిగెత్తి చూశాను. ఏమీ పాడవలేదు. కొలిమిలో మెషిన్ ఎంత దూరం లాగగలదో అంతా లాగేసింది. దాని దారి అయిపోయింది. అల్యూమినియం ఇంకా ఉంది.

ప్రొఫెసరుగారు గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టారు. అంత మెత్తని మనిషి అంత గట్టిగా నవ్వగలడని నాకు తెలియదు. "ఇక పేపరు రాసుకోమ్మా. థీసిస్‌కి ఇది చాలు" అన్నారు.

కొలిమి చల్లారాక నేను బిళ్లను విప్పాను. దాన్ని ఆ అమ్మాయి రెండు చేతుల్లో పెట్టాను. నడుము సన్నటి రిబ్బనులా పొడుగ్గా ఉంది, గాలికి కూడా తెగుతుందేమో అన్నట్టుంది. ఆ అమ్మాయి దాన్ని వెలుతురుకు ఎత్తి చూసుకుంది. తర్వాత జాగ్రత్తగా బల్ల మీద దూది పరిచి పడుకోబెట్టి, ఫోను తీసింది. తల్లికి చేసింది. చేలో ఉన్నట్టుంది, అవతల ఆడవాళ్ల మాటలు మాకూ వినపడుతున్నాయి.

"అమ్మా, తెగలేదు."

"ఏంది తెగంది?"

ఇన్నాళ్లూ ఎన్ని ముక్కలు విరిగినా కన్నీటి చుక్క రానివ్వని పిల్ల, మా ముందే వెక్కివెక్కి ఏడ్చింది.

"తెగకపోతే మంచిదే కదే, మరి ఏడుస్తావేంది?"

"ఏమీ లే అమ్మా" అంది, చున్నీతో ముక్కు తుడుచుకుంటూ. "ఆ బడికి నేను రానని పాస్టరు అయ్యగారితో చెప్పు."